ప్రాజెక్టు డైరీ: ల్యాబ్‌ను లినక్స్ కెర్నల్ 5.15 మీద నిలబెట్టడం

2025 ఏప్రిల్ 12, శనివారం

అమీర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్ వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకొన్ని కంప్యూటర్లను నడిపే విద్య) ల్యాబ్ ఇన్నాళ్ళూ ఉబుంటు లినక్స్ 20.04 మీద నడిచింది. దానికి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మే 31తో ఆగిపోతాయి. ఆలోపు సిస్టమ్‌లన్నిటినీ 22.04కి మార్చాలి. ఇవాళ హనుమాన్ జయంతి. గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ దాకా ఊరేగింపు, ట్రాఫిక్ మళ్ళింపులు, క్లాసులకు సెలవు. ల్యాబ్ ఖాళీగా దొరికే రోజులు మాకు తక్కువ, అందుకే ఇవాళే మొదలుపెట్టాను.

ఇక్కడ ప్రధానంగా నడిచేది వీస్ఫియర్ (వీఎంవేర్ వాళ్ళ సర్వర్ వర్చువలైజేషన్) బ్యాచ్. ప్రతి సిస్టమ్ మీదా వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 16 ప్రో. దాని లోపల రెండు ఈఎస్ఎక్స్ఐ హోస్టులు, ఒక విండోస్ సర్వర్, స్టోరేజీకి ఒక చిన్న లినక్స్ మెషీన్. అంటే వర్చువల్ మెషీన్ లోపల మళ్ళీ ఒక హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్). ఈ ఇమేజ్‌లు బ్యాచ్ చెప్పే సార్ ఏళ్ళ తరబడి కూర్చుకున్నవి. వీఎంనెట్ (వర్చువల్ నెట్‌వర్క్) నంబర్లు, ఐపీ అడ్రసులు, స్నాప్‌షాట్ల పేర్లు అన్నీ ఆయన ఇచ్చే జిరాక్స్ నోట్సులో అచ్చయి ఉన్నాయి. వాటిలో ఒక్కటి మారినా ఆ రోజు క్లాసు అక్కడే ఆగిపోతుంది. (సరిగ్గా ఈ వారమే ఉచిత ఈఎస్ఎక్స్ఐ 8 మళ్ళీ వచ్చింది. 2024 మొదట్లో తీసేశారు. ఉచితంగా వచ్చేదాన్ని వీసెంటర్‌కు (హోస్టులన్నిటినీ ఒకచోటి నుంచి నడిపేది) కలపలేం కాబట్టి మా బ్యాచ్‌కి పెద్దగా పనికిరాదు, అయినా ఇంట్లో నేర్చుకునేవాళ్ళకు మంచిదే.)

నెట్‌వర్కింగ్ మేడమ్ రాగానే అడిగింది: "వర్క్‌స్టేషన్ 17 ఫ్రీ అయింది కదండీ, అది వేసేస్తే గొడవ వదిలిపోదూ?" అయిన మాట నిజమే. 2024 మేలో సొంత వాడకానికి ఉచితం చేశారు, నవంబరులో వ్యాపార వాడకానికి కూడా. కానీ బ్యాచ్ సగంలో ఉంది. కింద ఓఎస్, పైన హైపర్‌వైజర్ రెండూ ఒకేసారి మార్చితే, ఏదైనా మొరాయించినప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చడానికే సగం ప్రాణం పోతుంది. ముందు ఓఎస్ ఒక్కటే. వర్క్‌స్టేషన్ సంగతి జూన్‌లో, బ్యాచ్ అయ్యాక.

గుమ్మం పక్కనున్న కొస సిస్టమ్‌ను ప్రయోగానికి తీసుకున్నాను. 22.04.5 డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ అయింది. యూనేమ్ కమాండ్ కొడితే కెర్నల్ (ఓఎస్‌కు గుండెకాయ) వెర్షన్ 6.8 అంటోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

వర్క్‌స్టేషన్ 16 ఇన్‌స్టాల్ అయింది గానీ తెరవగానే "కెర్నల్ మాడ్యూళ్ళు కంపైల్ చేయాలి" అంది. సరే అంటే కాసేపు తిరిగి, ఫెయిల్.

ఇది కొత్తవాళ్ళకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వర్క్‌స్టేషన్ మామూలు అప్లికేషన్‌లా కనిపిస్తుంది గానీ, దానికి కెర్నల్‌లో రెండు కాళ్ళు కావాలి: వీఎంమాన్, వీఎంనెట్. మొదటిది ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని వాడుకునేది, రెండోది వర్చువల్ నెట్‌వర్క్‌లు నడిపేది. వీటి సోర్సు రెండు టార్ ఫైళ్ళుగా వర్క్‌స్టేషన్‌తోపాటే వస్తుంది. మన సిస్టమ్‌లో ఏ కెర్నల్ నడుస్తుంటే దాని హెడర్లతో (కెర్నల్ లోపలి ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్ళు) అక్కడికక్కడే కంపైల్ అవ్వాలి.

మొదట వచ్చిన ఎర్రర్ అసలు జబ్బు కాదు. లాగ్ ఫైలు (టెంప్ డైరెక్టరీలో వీఎంవేర్-రూట్ అనే ఫోల్డర్లో ఉంటుంది) తెరిస్తే, ట్రివియల్ ఆటో వేరియబుల్ ఇనిట్ అనే ఆప్షన్ నాకు తెలియదని కంపైలర్ ఫిర్యాదు. 22.04లో మామూలుగా ఉండే కంపైలర్ జీసీసీ 11. 6.8 కెర్నల్‌ను కట్టింది జీసీసీ 12తో. కెర్నల్ కట్టినప్పుడు వాడిన ఆప్షన్లే మాడ్యూల్‌కూ వర్తిస్తాయి, ఆ ఆప్షన్ 11కి తెలియదు. జీసీసీ 12 వేశాక ఈ గోల పోయింది, వెనకాల ఉన్న అసలుది బయటపడింది: వీఎంనెట్‌లో, నెట్ఇఫ్_ఆర్ఎక్స్_ఎన్ఐ అనే ఫంక్షన్ లేదు.

ఈ ఫంక్షన్‌ను 5.18లో తీసేశారు. అంతకు ముందు, వచ్చిన ప్యాకెట్‌ను నెట్‌వర్క్ స్టాక్‌కు అప్పగించడానికి రెండు దారులు ఉండేవి. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పిలుపు) లోపల ఉంటే ఒకటి, మామూలు ప్రాసెస్‌గా ఉంటే ఎన్ఐ తోకతో ఇంకొకటి. 5.18లో మొదటిదాన్నే ఎక్కడి నుంచైనా పిలవచ్చు అన్నట్టు సరిచేశారు. ఇక రెండోదాని అవసరం లేదు, తీసేశారు. కెర్నల్ వైపు నుంచి చూస్తే ఇది శుభ్రమైన పని. వర్క్‌స్టేషన్ 16 తొలి విడుదల 2020 సెప్టెంబరు, 5.18 వచ్చింది 2022 మే. రెండేళ్ళ తర్వాత ఏం తీసేస్తారో ముందే తెలిసి కోడ్ రాసేవాళ్ళు ఎవరూ లేరు.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుదలగా చెప్పేది, యూజర్ ప్రోగ్రాములు పగలకూడదని. ఆ మాట కెర్నల్ బయట ఉన్నవాటికి. లోపలి ఫంక్షన్లకు అలాంటి హామీ ఏదీ లేదు, ఇవ్వబోమని కెర్నల్ నిర్వాహకుల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మార్చినవాళ్ళే కెర్నల్ సోర్సు చెట్టులో ఉన్న డ్రైవర్లన్నిటినీ సరిచేస్తారు. చెట్టు బయట ఉన్న వీఎంమాన్, వీఎంనెట్ లాంటివి అద్దెకున్నవాళ్ళు. ఓనర్ గోడ తీసి తలుపు పెట్టినా వీళ్ళని అడగడు, సామాన్లు వీళ్ళే సర్దుకోవాలి. లినక్స్ సొంత హైపర్‌వైజర్ కేవీఎం 2007లో 2.6.20తోనే ఇంటి మనిషి అయిపోయింది, దానికి ఈ బాధ లేదు.

మరి కేవీఎంకే వెళ్ళొచ్చుగా? వెళ్ళొచ్చు. డిస్క్ ఫైళ్ళు క్యూఈఎంయూ-ఐఎంజీ అనే టూల్‌తో మార్చుకోవచ్చు, దానిలోనూ ఈఎస్ఎక్స్ఐ నడిపేవాళ్ళు ఉన్నారు. కానీ స్నాప్‌షాట్ల వరస, వీఎంనెట్ అమరిక, సార్ నోట్సు అన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. బ్యాచ్ మధ్యలో కాదు.

మాడ్యూళ్ళ సోర్సును కొత్త కెర్నళ్ళకు తగ్గట్టు సవరించి పెట్టే ఔత్సాహికులూ ఉన్నారు, వాళ్ళ పని మెచ్చుకోదగ్గది. నా సొంత ల్యాప్‌టాప్‌లో అయితే నిస్సంకోచంగా వాడతాను. ల్యాబ్ మొత్తానికి మాత్రం, కెర్నల్ మారిన ప్రతిసారీ కొత్త సవరణ కోసం ఎదురుచూసే పద్ధతి పెట్టను.

ఏప్రిల్ 19, శనివారం

పాత కెర్నల్ అని తేల్చుకున్నాం. ఏ పాత?

ల్యాబ్ చూసుకునే తమ్ముడి సలహా: "అన్నా, ఎన్కటి సిస్టం ల నడుస్తున్న కెర్నల్ డెబ్ ఫైల్ తెచ్చి ఏసి, హోల్డ్ కొడితే అయిపాయె గదా. ఇగ దాన్ని ఎవడు ముట్టుకోడు."

ఎవడూ ముట్టుకోకపోవడమే ఇబ్బంది. ఆప్ట్-మార్క్ హోల్డ్ (ఈ ప్యాకేజీని మార్చొద్దని చెప్పే కమాండ్) కొడితే ఆ ఒక్క బిల్డ్ దగ్గర సిస్టమ్ గడ్డకట్టిపోతుంది. ఫంక్షన్లు మారవు, నిజమే. సెక్యూరిటీ రంధ్రాలూ పూడవు. సీవీఈ-2024-1086 చాలు ఉదాహరణకి: ఎన్ఎఫ్-టేబుల్స్ అనే ఫైర్‌వాల్ భాగంలో ఉన్న లోపం, మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడు రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయిపోవచ్చు. 2024 జనవరిలో సరిచేశారు, మార్చిలో దాన్ని వాడుకునే ప్రోగ్రామ్ బహిరంగంగా వచ్చేసింది. 2023 నాటి 5.15ను హోల్డ్‌లో పెట్టుకున్నవాడికి ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంటుంది. మాది ల్యాబ్. ప్రతి బ్యాచ్‌లో కొత్త పిల్లలు, అందరికీ లోకల్ లాగిన్, అందులో సగం మంది ఎథికల్ హ్యాకింగ్ కోర్సు కూడా చేస్తున్నవాళ్ళు.

కావలసింది పాత బిల్డ్ కాదు, ఇంకా ప్రాణంతో ఉన్న పాత సిరీస్. ఉబుంటులో ఆ ఏర్పాటు ఉంది. 22.04కి కెర్నల్ రెండు దారుల్లో వస్తుంది. మొదటిది విడుదలప్పుడు ఇచ్చిన జీఏ కెర్నల్, 5.15. అది ఆ విడుదల బతికున్నంత కాలం 5.15గానే ఉంటుంది, లోపలి మరమ్మతులు మాత్రం అందుతుంటాయి. రెండోది హెచ్‌డబ్ల్యూఈ, కొత్త హార్డ్‌వేర్ కోసం. అది 5.19, 6.2, 6.5 అంటూ ఎక్కుతూ చివరికి 6.8 దగ్గర ఆగింది. డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ రెండోదాన్ని ఇస్తుంది, సర్వర్ ఇన్‌స్టాలర్ అడక్కపోతే మొదటిదాన్ని.

ఇంకో మంచి సంగతి. 20.04కి వచ్చిన చివరి హెచ్‌డబ్ల్యూఈ కూడా 5.15యే. అంటే ఇన్నాళ్ళూ మా ల్యాబ్‌లో వర్క్‌స్టేషన్ 16 నడిచింది ఇదే సిరీస్ మీద. ఓఎస్ మారినా కింద కెర్నల్ సిరీస్ మారదు. మూల 5.15కి కెర్నల్ డాట్ ఆర్గ్ వాళ్ళు పెట్టుకున్న గడువు 2026 డిసెంబరు, ఉబుంటు వాళ్ళు తమ 5.15ను 22.04 కోసం 2027 దాకా చూసుకుంటారు. మాకు కావలసిన దానికంటే ఎక్కువే.

పని మాత్రం అనుకున్నంత నున్నగా సాగలేదు. లినక్స్-జెనరిక్ ప్యాకేజీ వేస్తే 5.15 ఇమేజ్, హెడర్లు రెండూ వచ్చాయి. రీబూట్ చేస్తే మళ్ళీ 6.8. బూట్ మెనూ నడిపే గ్రబ్ ఎప్పుడూ పెద్ద నంబరునే ముందు నిలబెడుతుంది. ఒకే ఓఎస్ ఉంటే మెనూ కూడా చూపించదు. బూట్ అవుతుండగా ఎస్కేప్ నొక్కి (పాత బయాస్ సిస్టమ్‌లలో షిఫ్ట్), అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి 5.15 ఎంచుకున్నాను. అందులోకి వచ్చాకే 6.8ను తీసేయాలి, నడుస్తున్న కెర్నల్‌ను తనకింద నుంచే లాగేయబోతే ఆప్ట్ (ప్యాకేజీలు వేసి, తీసే ప్రోగ్రామ్) హెచ్చరిస్తుంది.

గ్రబ్ సెట్టింగుల్లో 5.15 మెనూ పేరు రాసి డిఫాల్ట్ చేయమని చాలామంది చెబుతారు. నాకు నచ్చదు. ఆ పేరులో బిల్డ్ నంబరు కూడా ఉంటుంది. రేపు 5.15లోనే కొత్త బిల్డ్ వచ్చినా గ్రబ్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. అది హోల్డ్ కొట్టినట్టే, వేరే దారిలో. 6.8 సిస్టమ్‌లోనే లేకుండా చేస్తే మిగిలిన వాటిలో పెద్దది ఎలాగూ తాజా 5.15 అవుతుంది.

తీసేయడంలో ఒక మెలిక ఉంది. 6.8 ఇమేజ్ ప్యాకేజీ ఒక్కదాన్నే పర్జ్ చేయమంటే, ఆప్ట్ దాన్ని తీసేసి, దాని బదులు అన్‌సైన్డ్ అనే ఇంకో 6.8 ఇమేజ్‌ను వేస్తానంటుంది. మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీకి ఆ రెంటిలో ఏదో ఒకటి ఉండాలి మరి. కాబట్టి హెచ్‌డబ్ల్యూఈ మెటా ప్యాకేజీలు, ఇమేజ్, మాడ్యూల్స్, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా, హెడర్లు అన్నిటినీ ఒకే కమాండ్‌లో చెప్పాలి. వై (యెస్) నొక్కే ముందు ఆప్ట్ చూపించే జాబితా చదవాలి. అందులో "కొత్తగా వేసేవి" అనే వరస కనిపిస్తే ఆగాలి.

రీబూట్. 5.15. వర్క్‌స్టేషన్ తెరిచాను, మాడ్యూళ్ళు జీసీసీ 11తోనే కంపైల్ అయ్యాయి. లోపలి ఈఎస్ఎక్స్ఐ పసుపు-బూడిద తెర కనిపించింది. అప్పటికి రాత్రి అయింది, మైత్రివనం కింద బజ్జీల బండి కూడా సర్దేస్తున్నాడు.

ఏప్రిల్ 26, శనివారం

కొస సిస్టమ్ పాతది, సెక్యూర్ బూట్ లేదు. ఇవాళ రెండో వరసలోని కొత్త సిస్టమ్ పట్టుకుంటే, కంపైల్ అయింది గానీ వీఎంమాన్ డివైజ్ తెరవలేనంది. మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్‌తో లోడ్ చేయబోతే "కీ తిరస్కరించబడింది". సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు ఉబుంటు కెర్నల్ సంతకం లేని మాడ్యూల్‌ను లోనికి రానివ్వదు. ఇక్కడే కంపైల్ అయిన మాడ్యూల్‌కి సంతకం ఎవరు చేస్తారు?

బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం సులువు, చాలా ల్యాబుల్లో అదే చేస్తారు. మా ఓనర్ సార్ కూడా "బంద్ చేసేయ్ భాయ్" అన్నారు. సంతకం దారే పట్టాను. ఈ పిల్లలు రేపు ఉద్యోగాల్లో చేరే చోట సెక్యూర్ బూట్ ఆపనివ్వరు, ఈ పని ఇక్కడే ఒకసారి చూసి వెళ్తే మంచిది.

ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో ఒక కీ, ఒక సర్టిఫికెట్ తయారు. మోక్‌యుటిల్‌తో (సిస్టమ్ యజమాని కీలు, అంటే మోక్, నమోదు చేసే టూల్) సర్టిఫికెట్ దాఖలు చేస్తే ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ చేయగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలో ఏదైనా కీ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, దాఖలు మళ్ళీ మొదటి నుంచి. నొక్కితే ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. ఇది నెట్‌వర్క్ మీద నుంచి చేయలేం, ప్రతి సిస్టమ్ ముందు మనిషి కూర్చోవలసిందే. పద్ధతి ఉద్దేశమే అది. తమ్ముడు ఒక వరస, నేను ఒక వరస.

ఆ తర్వాత కెర్నల్ హెడర్లలో ఉండే సైన్-ఫైల్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో వీఎంమాన్, వీఎంనెట్ రెంటికీ సంతకం. లోడ్ అయ్యాయి. ప్రైవేట్ కీ ఫైలు రూట్ తప్ప ఎవరూ చదవలేకుండా పెట్టాను. ఆ కీ చేజిక్కితే ఎవడి మాడ్యూల్‌కైనా మా సంతకం పడిపోతుంది, ఇంత చేసిందీ దండగ.

మే 4, ఆదివారం

మిగతా సిస్టమ్‌లు. చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎండ, ఏసీ ఒకటి పనిచేయదు, పక్క గదిలో జావా డెమో క్లాసు మైకు. ప్రతి సిస్టమ్‌లోనూ ఆప్ట్ ప్రిఫరెన్సుల్లో మూడు వరసల ఫైలు ఒకటి పెట్టాను: పేరులో హెచ్‌డబ్ల్యూఈ-22.04 ఉన్న లినక్స్ ప్యాకేజీలన్నిటికీ ప్రాధాన్యం మైనస్ ఒకటి. అంటే ఎవరు అడిగినా వేయొద్దు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లలో ఇది తప్పనిసరి. ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు దానితో ముడిపడిన హెచ్‌డబ్ల్యూఈ మాడ్యూల్ ప్యాకేజీ చాటున 6.8 తిరిగి వచ్చేయగలదు.

మే 11, ఆదివారం

5.15లో కొత్త బిల్డ్ వచ్చింది. నేను దీని కోసమే ఎదురుచూస్తున్నాను. పాత సిరీస్ ప్రాణంతో ఉందంటే అర్థం ఇదే, అప్‌డేట్ వచ్చిన రోజున ఏమవుతుందో చూడకుండా పని అయిందనుకోలేం.

అయిందేమిటంటే, వర్క్‌స్టేషన్ మళ్ళీ మాడ్యూళ్ళు కంపైల్ చేయమంది. ఉబుంటు ఇచ్చే వర్చువల్‌బాక్స్ (వర్క్‌స్టేషన్ లాంటిదే ఇంకోటి) ప్యాకేజీ అయితే డీకేఎంఎస్‌ను వాడుకుంటుంది. కెర్నల్ మారగానే అదే కంపైల్ చేసి, అదే సంతకం పెట్టుకుంటుంది. వర్క్‌స్టేషన్ 16 డీకేఎంఎస్ జోలికి పోదు. పొద్దున క్లాసులో పిల్లవాడు అది తెరిస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. "సార్, పాస్‌వర్డ్ అడుగుతోంది" అని గదంతా ఒకేసారి అంటే ఇక ఆ గంట అయిపోయినట్టే.

అందుకని సిస్టమ్‌డీలో ఒక చిన్న సర్వీసు రాశాను. బూట్ అయ్యేటప్పుడు, వీఎంవేర్ సర్వీసు కంటే ముందు నడుస్తుంది. ఇప్పుడున్న కెర్నల్‌కి వీఎంమాన్ ఉందా అని మోడ్‌ఇన్ఫోను అడుగుతుంది. ఉంటే ఏమీ చేయదు. లేకపోతే వీఎంవేర్-మోడ్‌కాన్ఫిగ్‌ను తెర లేకుండా కన్సోల్‌లో నడిపి, రెండు మాడ్యూళ్ళకూ సంతకం పెట్టి, పక్కకి తప్పుకుంటుంది. ఫెయిలైతే లాగిన్ తెర మీద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం: "ఈ సిస్టమ్ వాడొద్దు, తమ్ముడిని పిలవండి." తమ్ముడికి ఈ వాక్యం నచ్చలేదు. "నా పేరు ఎందుకన్నా పెట్టినవ్" అన్నాడు. పేరు ఎక్కడ పెట్టాను?

అప్‌డేట్లు వచ్చే తీరు కూడా మార్చాను. మిగతా సెక్యూరిటీ అప్‌డేట్లన్నీ అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ద్వారా రోజూ వాటంతటవే వస్తాయి. లినక్స్ అని మొదలయ్యే ప్యాకేజీలను మాత్రం దాని మినహాయింపుల్లో పెట్టాను. కొస సిస్టమ్‌కి ఆ మినహాయింపు లేదు, దానికి కెర్నల్ వచ్చిన రోజే వస్తుంది. అక్కడ రెండు ఈఎస్ఎక్స్ఐలు లేచి, ఒకదానికొకటి పింగ్ అయితే, ఆ ఆదివారం మిగతా వాటికి నేనే వేస్తాను. వారం ఆలస్యం నాకు సమ్మతమే. హోల్డ్ కొట్టి మరచిపోవడానికీ దీనికీ పోలిక లేదు.

మే 18, ఆదివారం

5.15కి లొంగనివి రెండు ఎదురయ్యాయి.

మొదటిది సార్ కొత్త ల్యాప్‌టాప్. ఆయనకీ ల్యాబ్‌లో ఉన్నదే కావాలట. 5.15 వేస్తే వైఫై మాయం. లోపల ఉన్నది రియల్‌టెక్ 8852బీఈ, దాని డ్రైవర్ కెర్నల్‌లోకి వచ్చిందే 6.2లో. డ్రైవర్ సోర్సు తెచ్చి కంపైల్ చేయొచ్చు, కానీ ఒక బయటి మాడ్యూల్ కోసం పాత కెర్నల్ పెట్టి, ఆ పాత కెర్నల్ కోసం ఇంకో బయటి మాడ్యూల్ తగిలించడం నాకు తలకెక్కలేదు. ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో 6.8నే ఉంచి, వర్క్‌స్టేషన్ 17.6 వేశాను. అది 6.8 మీద నడిచే ఉబుంటు 24.04ను అధికారికంగా లెక్కలోకి తీసుకునే వెర్షనే, మాడ్యూళ్ళు మారు మాట లేకుండా కంపైల్ అయ్యాయి. పాత హార్డ్‌వేర్ ఉన్నప్పుడే పాత సిరీస్ సుఖం.

రెండోది పైన అంతస్తు లినక్స్ బ్యాచ్ పిల్లవాడిది. ఖమ్మం నుంచి వచ్చాడు, ఫెడోరా లినక్స్ వాడతాడు. "అన్నా, వర్చువల్‌బాక్స్ నడుస్తలేదు. నాది గూడ పాత కెర్నల్‌కు దింపుతవా?" ఎర్రర్ చూశాను: వీఎంఎక్స్ రూట్ మోడ్‌లో ఉంది కాబట్టి నడవలేను. ఇది కంపైల్ గొడవే కాదు. 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ కాగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ను తన చేతిలోకి తీసుకుంటోంది. అంతకు ముందు ఏదైనా కేవీఎం మెషీన్ మొదలైతేనే తీసుకునేది. ఆ సౌకర్యం ఒకసారి ఒకరి చేతిలోనే ఉంటుంది, వర్చువల్‌బాక్స్ వచ్చేసరికి దొరకదు. బూట్ లైనులో కేవీఎం డాట్ ఎనేబుల్_వర్ట్_ఎట్_లోడ్ సున్నా అని పెడితే పాత నడవడిక తిరిగి వస్తుంది. పెట్టాను, నడిచింది. కెర్నల్ దింపే పనే లేదు. వర్చువలైజేషన్ ఆగిన ప్రతిసారీ పాత కెర్నల్ అడగడం ఈ మధ్య అలవాటైపోయింది, ముందు లాగ్ చదవమని చెప్పి పంపాను.

మే 31, శనివారం

20.04కి మామూలు అప్‌డేట్ల చివరి రోజు. ల్యాబ్‌లో అది ఒక్క సిస్టమ్‌లో కూడా లేదు. పాత బ్యాకప్ సర్వర్ ఒకటి ఉంది గానీ అది నెట్‌కి తగిలించి లేదు, దాని సంగతి తర్వాత.

ఈ మధ్యలో ఆదివారం కెర్నల్ అప్‌డేట్ వేస్తే సర్వీసు తన పని తాను చేసుకుంది. ఎర్ర వాక్యం ఒక్క చోట వచ్చింది. ఆ సిస్టమ్‌లో బూట్ పార్టిషన్ నిండిపోయి అప్‌డేట్ మధ్యలో ఆగింది, కొత్త హెడర్లు సగమే వచ్చాయి. పాత బిల్డ్‌లు తీసేస్తే సరిపోయింది. విడిగా చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకున్నవాళ్ళు ఇది చూసుకోవాలి. మేము తాజాది, దాని ముందుది, అంతకు మించి ఉంచడం లేదు. ముందుది మాత్రం ఉంచాలి, కొత్తది లేవకపోతే గ్రబ్‌లో దిగడానికి ఒక మెట్టు ఉండాలి.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. తమ్ముడు వాళ్ళ నాయన్ని చేప ప్రసాదానికి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకుపోయాడు, ల్యాబ్‌లో నేనొక్కణ్ణే. బ్యాచ్ అయిపోయింది. ఇక వర్క్‌స్టేషన్ వంతు.

కొస సిస్టమ్‌లో కెర్నల్ ముట్టుకోకుండా 16 తీసేసి 17.6 వేశాను. 5.15 మీద కంపైల్ అయింది, సంతకం పడింది. 16.2లో చేసిన మెషీన్లు అన్నీ లేచాయి. అప్‌గ్రేడ్ చేయమని అడిగితే వద్దన్నాను. 16.2 నాటి వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్ 19, 17కి 20, 17.5కి 21. 19లోనే ఉంచితే ఇంట్లో ఇంకా 16.2 వాడే పిల్లలు కూడా ఆ ఇమేజ్ తెరవగలరు, పెంచేస్తే తెరవలేరు. లోపలి ఈఎస్ఎక్స్ఐ, వీఎంనెట్ నంబర్లు, స్నాప్‌షాట్లు అన్నీ సార్ నోట్సులో ఉన్నట్టే ఉన్నాయి.

ఇప్పుడు 17.6 ఉంది కాబట్టి 6.8కి వెళ్ళిపోవచ్చుగా అని మేడమ్ మెసేజ్. వెళ్ళొచ్చు, కానీ వెంటనే లాభం లేదు. మా డెస్క్‌టాప్‌లకు 6.8 ఇచ్చేది 5.15 ఇవ్వనిది ఏమీ లేదు. 24.04కి మారేటప్పుడు మాత్రం ఇదే నిచ్చెన మళ్ళీ వాడుకుంటాం. 24.04 జీఏ కెర్నల్ 6.8, 22.04 చివరి హెచ్‌డబ్ల్యూఈ కూడా 6.8యే. ముందు 22.04లోనే ఆ ప్రిఫరెన్సుల ఫైలు తీసేసి 6.8కి ఎక్కడం, అక్కడ 17.6 కుదురుకున్నాక ఓఎస్ మార్చడం, మార్చాక హెచ్‌డబ్ల్యూఈని ఆపేసి జీఏలోనే ఉండటం. ఒక్కో అడుగుకీ ఒక్కటే మారుతుంది.

మిగిలినవి: మిగతా సిస్టమ్‌లకు 17.6, కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు. సర్వీసులో జీసీసీ వెర్షన్ కూడా చూసే వరస ఒకటి చేర్చాలి, 6.8కి వెళ్ళిన రోజున 12 లేకపోతే ఏప్రిల్‌లో చూసిన ఎర్రరే వస్తుంది. బ్యాకప్ సర్వర్ డిస్కులు కాపీ చేసి దాన్ని ఆపేయాలి. ఎర్ర వాక్యంలో "తమ్ముడిని" తీసేసి "ల్యాబ్ అసిస్టెంట్‌ను" అని పెట్టాను.